అంగళ్లులో పాత పలక

పలక అనగానే మీకు బలపం గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయే పలక మీద బలపంతో రాయరు, కర్రతో కొడతారు. గుండ్రని కొయ్య చట్రానికి ఒక్క వైపున మాత్రం తోలు బిగించిన వాద్యం అది. కొన్ని జిల్లాల్లో దాన్ని డప్పు అంటారు, కొన్ని చోట్ల తప్పెట అంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పలక అంటారు. మీలో ఎవరైనా పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకో, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతరకో పోయి ఉంటే, ఆ మోత ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది.

అటువంటి పాత పలక ఒకటి మాకు దొరికింది. దాన్ని మళ్లీ మోగించడానికి మేము పడిన పాట్లు మీకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ముందు ఆ ఊరికి దోవ చెబుతాను, నాతో కూడా రండి.

మదనపల్లెలో బస్సు ఎక్కండి. ఎక్కే ముందు బీసెంటు దివ్యజ్ఞాన కళాశాల వైపు ఒకసారి చూడండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఆ కళాశాలకు అతిథిగా వచ్చారు. "జనగణమన" పాడి విద్యార్థులకు వినిపించారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాట వరసను పాశ్చాత్య సంగీతపు గుర్తులతో కాగితం మీద పెట్టింది. ఠాగూరు పాటను ఇంగ్లీషులోకి మార్చింది కూడా అక్కడే. పాటకు ఆ సదుపాయం ఉన్నది: కాగితం మీద పెడితే నూరేళ్ల తరవాత కూడా ఎవరైనా చూసి పాడవచ్చు. పలక మోతకు అది లేదు. కొయ్య చెడి, తోలు చిరిగి, దాన్ని బాగు చేయడం తెలిసినవాళ్లు కూడా పోతే, ఇక ఆ మోత ఎక్కడినుంచి తెస్తాము?

బస్సు కదిరి రోడ్డు పట్టి పోతుంది. పది పన్నెండు కిలోమీటర్లు పోగానే అంగళ్లు వస్తుంది. అంగడి అంటే దుకాణం గదా, అంగళ్లంటే దుకాణాలు. పేరుకు తగ్గట్టే ఊళ్లో బేరసారాల సందడి ఎప్పుడూ ఉంటుంది. పంట రోజుల్లో టమోటా మండీకి బళ్లు బారులు తీరతాయి. పెట్టెల మీద పెట్టెలు, కాళ్ల కింద చితికిన పళ్లు, వేలంపాటవాళ్ల కేకలు! పక్కనే ఇంజనీరింగు కాలేజీ ఉన్నది గనక, బస్సులో సగంమంది కాలేజీ పిల్లలు, సగంమంది రైతులు. ఆ రోడ్డునే ఇంకా ముందుకు పోతే హార్స్లీకొండకు దోవ చీలుతుంది. పూర్వం దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. కడప కలెక్టరుగా ఉండిన హార్స్లీ దొర పందొమ్మిదో శతాబ్దంలో దానిమీద ఇల్లు కట్టించుకున్నాడు, అప్పటినుంచీ ఆయన పేరు దానికి అంటుకుపోయింది. నాలుగువేల అడుగులకు పైబడిన కొండ. చలికాలంలో ఆ పక్కనుంచి వచ్చే మంచు గాలి పలకకు ఎంత పగదో తరవాత చెబుతాను.

అంగళ్లుకు దగ్గరి ఒక పల్లెలో నేను పిల్లలకు పాఠాలు చెబుతాను. ఒక వేసవికి ముందు మా బడి సామాన్ల గది దులుపుతుంటే, విరిగిన బల్లల అడుగున ఈ పలక బయటపడింది. అడుగున్నర వెడల్పు, నాలుగు వేళ్ల లోతు. తోలు మధ్యలో పిడికిలి పట్టేంత చిల్లు. కొయ్య మీద పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉన్నది. ఎవరిదో, ఎందుకు అక్కడికి వచ్చిందో చెప్పగలవాళ్లు లేరు.

"పారేద్దామా, సార్?" అన్నాడు ఒకడు. "మదనపల్లెలో కొత్తది కొందాం, ప్లాస్టిక్కుది. వానలో కూడా మోగుతుంది" అన్నాడు ఇంకొకడు. ఈ రెండోవాడి మాటలో నిజం ఉన్నది. ఇనప చట్రానికి ప్లాస్టిక్ రేకు బిగించి, మరలు తిప్పి బిగువు పెంచుకునే పలకలు ఇప్పుడు అంతటా వచ్చాయి. బ్యాండు మేళంవాళ్లు కొట్టే ఇంగ్లీషు డ్రమ్ములకు కూడా పూర్వం దూడతోలే వేసేవారు. 1957 ప్రాంతంలో అమెరికాలో పాలియెస్టరు పొరతో డ్రమ్ముల మూతలు చేసి అమ్మడం మొదలైంది. తేమకు తోలు సాగిపోతున్నదనే బాధ మనకు మాత్రమే కాదు, వాళ్లకూ ఉండేది. అయినా, ఉన్న వస్తువును బాగుచేసి చూడకుండా పారేయడం నాకు ఇష్టం లేకపోయింది. బడి వార్షికోత్సవం ఇంకా మూడు వారాలున్నది. ఆ రోజుకు పలక మోగించాలని పందెం వేసుకున్నాము.

ఇక నా తెలివితక్కువతనం వినండి. పలకను చూడగానే నేను చేసిన మొదటి పని, రంగు డబ్బా తెప్పించడం! పాత రంగు గీకి, చట్రం నిండా నిగనిగలాడే ఎర్ర రంగు వేశాము. అంచులకు కూడా వేశాము. పిల్లలు మురిసిపోయారు. ఆరిన తరవాత, నానబెట్టిన మేకతోలు ఒకటి తెచ్చి, చింతగింజల బంకతో అంచుకు అంటించి, లాగి కట్టి, తొందరగా ఆరాలని మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాము. సాయంత్రానికి తోలు బిర్రుగా బిగిసింది. ఆహా అనుకుని గదిలో పెట్టి తాళం వేసి వెళ్లాము. తెల్లవారి తలుపు తీస్తే, తోలు సగం అంచు ఊడి, వానకు ముడుచుకున్న అప్పడంలాగా లేచి ఉన్నది. పదిరోజుల పని, తోలు ఖర్చు, రెండూ పోయాయి.

మా పల్లెలోనే, బడికి అవతలి వీధిలో, వయసులో ఉండగా పలకలు కట్టిన ముసలాయన ఒకరు ఉన్నారని అప్పుడు ఒక పిల్లవాడు చెప్పాడు. పది రోజుల ముందు ఈ సంగతి అడగాలని నాకు తోచలేదు! ఆయన కొడుకు మండీకి టమోటా బండి తోలుతాడు. మనమడు పట్నంలో చదువుతున్నాడు. ఆయన పలక కట్టి చాలా ఏళ్లయింది, చూపు కూడా బాగా తగ్గింది. మా పలకను ఒళ్లో పెట్టుకుని, కళ్లతో కాదు, బొటనవేలితో అంచంతా తడిమి చూశారు.

"ఏం అయివోరా, ఈ అంచుకు రంగు ఎవురు పూసినారు?" అన్నారు.

"నేనే, తాతా."

"రంగు మింద బంక నిలస్తాదా? బంకకు కొయ్య కావల్ల. కొయ్య తాగితేనే అది పట్టుకుంటాది." ఆయన నవ్వలేదు గాని, పిల్లలు మాత్రం నన్ను చూసి నవ్వారు.

ఆ మాటలోని శాస్త్రం చూడండి. చింతగింజల బంక పల్చని గంజిలాంటిది. అది కొయ్యలోని సన్నని రంధ్రాల్లోకి ఇంకి, ఆరి, అక్కడ కొక్కెంలాగా గట్టిపడుతుంది. తోలు పోగుల్లోకి కూడా అట్లాగే ఇంకుతుంది. రంగు వేసిన కొయ్యకు రంధ్రాలన్నీ మూసుకుపోయాయి, ఇక బంక పైపైన పొరలాగా ఉండిపోయింది. తోలు ఆరుతూ లాగేసరికి ఆ పొర కాస్తా ఊడిపోయింది. ఎండ సంగతి కూడా అంతే. నీడలో ఆరితే తోలు అన్ని వైపులా ఒకేలాగా బిగుస్తుంది. ఎండ తగిలినవైపు ముందే ముడుచుకుపోయి, తడిగా ఉన్న రెండోవైపు బంకను పీకేసింది.

"కొయ్య మంచిదే ఉండాది, వేప. పురుగు రెండు చోట్ల తినింది. మళ్లా కడదాం" అన్నారు తాత. మేము మళ్లీ మొదలుపెట్టాము, ఈసారి ఆయన చెప్పినట్టు.

పాత తోలు ఇంకా కొంత అంచుకు అతుక్కుని ఉన్నది. దాన్ని నేను కత్తితో లేపబోయాను. ఆయన కత్తి తీసి పక్కన పెట్టి, తడిగుడ్డ చుట్టి రాత్రంతా ఉంచమన్నారు. నీళ్లతో చేసిన బంక నీళ్లకే వదులుతుంది గదా! పొద్దునకు తోలు చేత్తో లాగితే వచ్చింది, కొయ్యకు గీటు పడలేదు. మీ ఇంట్లో పాత కంజిర ఉంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఎర్ర రంగు గీకడానికి రెండు రోజులు పట్టింది. మొదట గాజుపెంకుతో గీకాము (ఇది పెద్దవాళ్లు చేయవలసిన పని), తరవాత గరుకు కాగితంతో రుద్దాము. పురుగు తిన్న రంధ్రాల్లో వేపనూనె చుక్కలు వేసి, నూనె ఇగిరిన తరవాత, వేపపొట్టు బంకతో కలిపి కూరాము. ఇప్పుడు కొయ్యకు పైపూత కావాలి. మా పిల్లలు ఇంటినుంచి శనక్కాయ నూనె పట్టుకొచ్చారు. మా వైపు దానికి కొదవ లేదు. కాని శనక్కాయ నూనె ఎన్నాళ్లు ఉంచినా ఆరదు, జిగటగా ఉండి దుమ్ము పడుతుంది. అవిసెనూనె అట్లా కాదు. అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టి పొరగా మారిపోతుంది. చట్రానికి లోపలా బయటా అవిసెనూనె పల్చగా రుద్దాము, తోలు అంటే అంచుకు మటుకు చుక్క తగలనియ్యలేదు. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు సుమా! నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ మధ్యలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంత తానే అంటుకోవచ్చు. విప్పి, విడివిడిగా బయట ఆరవేయాలి.

రంగు లేని వేపకొయ్య తేనెరంగు తేలింది. ముందు ఎరుపు చూసి మురిసినవాళ్లే ఇప్పుడు "ఇదే బాగుంది" అన్నారు.

తోలు సంగతికి వచ్చాము. తోలును సున్నపు నీళ్లలో నానవేసి బొచ్చు తీయడం తాతే చేశారు, సున్నం చేతుల్ని కాలుస్తుంది గనక పిల్లల్ని దగ్గరికి రానియ్యలేదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లు కూడా మేకతోలునే శుభ్రం చేసి, అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా తయారుచేస్తారు. పలకకు అంత పల్చన పనికిరాదు, దెబ్బ తట్టుకోవాలి. మేక వెన్నెముక వెంట తోలు మందంగా ఉంటుంది. ఆ గీత పలకకు సరిగ్గా నడిమధ్యగా పోయేటట్టు పరిస్తే, రెండు వైపులా సమంగా పలుకుతుంది. లేకపోతే ఒకవైపు గట్టిగా, ఒకవైపు బోలుగా ఉంటుంది. కళ్లు కనపడని తాత ఆ గీతను వేలితో చూసి పట్టుకున్నారు. నాకు కళ్లుండీ కనిపించలేదు.

తోలు నీళ్లలో నానుతుండగా, మా బడిపిల్లవాడి తల్లి ఒకామె గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "సార్, మా వాడిచేత తోలు ముట్టిస్తా ఉండారంట, నిజమేనా?" అని అడిగింది.

నేను కొంచెం తడబడ్డాను. గుళ్లో కచేరీలో మోగే మృదంగానికి రెండు వైపులా ఉన్నది కూడా తోలే కదమ్మా, అన్నాను. ఆ మృదంగం చేసే చేతుల గురించి గాయకుడు టి. ఎం. కృష్ణ 2020లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. వాయించినవాళ్ల పేర్లు మనందరికీ తెలుసు, చేసినవాళ్ల పేర్లు అడిగేవాళ్లు తక్కువ. 1950లో అమలుకు వచ్చిన మన రాజ్యాంగం పదిహేడో అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇది మా బడిలో అయిదో తరగతి పిల్లలకు కూడా నేను చెప్పే పాఠమే. పాఠం చెప్పడం సులువు. గేటు దగ్గర నిలబడిన తల్లికి చెప్పడం అంత సులువు కాదు. ఆమె నా మాటకు బదులు చెప్పకుండా వెళ్లిపోయింది.

తాత ఇదంతా వింటూనే ఉన్నారు. పని ఆపకుండా, "చిన్నప్పుడు అమ్మోరి గుడి ముందర తెల్లారేదాకా కొట్టేవాణ్ణి. గుడి లోపలికి పొయ్యింది లేదు" అన్నారు. ఇంకేమీ అనలేదు. పిల్లలు ఏమీ అడగలేదు.

ఆ పిల్లవాడు మర్నాడు వచ్చాడు. జేబుల నిండా చింతగింజలు ఉన్నాయి. ఎట్లా వచ్చావని నేను అడగలేదు.

ఆ గింజల్నే వేయించి, నానవేసి, పైపొట్టు తీసి, రోట్లో మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి ఉడికించాము. వేలికి అంటితే సాగేటట్టు రావాలి. పిల్లలందరూ వంతులవారీగా రుబ్బారు. బంక అంచుకు రెండుసార్లు పట్టించాము, మొదటిసారి పట్టించింది కొయ్య తాగేసింది. దానిమీద రెండోసారి పట్టించి, తడితోలు పరిచి, చుట్టూ సన్నని తోలుతాళ్లతో కుట్టి, ఆ తాళ్లను వెనక ఉన్న ఇనప వలయానికి లాగి కట్టాము. నేను బలంకొద్దీ లాగబోతే తాత నా చెయ్యి పట్టుకున్నారు. "తడిలోనే బిగదీస్తే, ఎండినాక అదే చట్రాన్ని ఇరగ్గొడతాది. కొంచెం వదులుగా ఇడిసిపెట్టు. మిగతాది ఎండేటప్పుడు అదే చేసుకుంటాది."

మూడు రోజులు నీడలో పెట్టాము. ఇంకా ముట్టుకోకూడదని తెలిసినా, గంటకొకడు పోయి వేలితో మీటి వచ్చేవాడు.

నాలుగో రోజు మోగించాము. నిజం చెప్పాలంటే, మొదటి దెబ్బ చాలా నిరాశగా ఉన్నది, తలగడను కొట్టినట్టు "దుబ్" అన్నది. ఆ వారమంతా కొండవైపునుంచి మంచు దిగుతున్నది. తాత వేరుశనగ పొట్టు, గడ్డి పోగుచేయించి మంట వేయించి, పలకను మంటకు మూరెడు దూరాన పట్టి, తిప్పుతూ కాచారు. మధ్యమధ్య వేలితో మీటి చూశారు. "దుబ్" కాస్తా "డబ్" అయింది, "డబ్" కాస్తా "టణ్" అయింది. అప్పుడు కుడిచేతిలో పొట్టి కర్ర, ఎడమచేతిలో సన్నని పొడుగు పుల్ల తీసుకుని ఒక వరస కొట్టారు. మా బడి గోడలమీది పావురాలన్నీ లేచిపోయాయి.

మంటకు అట్లా ఎందుకు మారింది? తోలంతా సన్నని పోగుల అల్లిక. గాలిలోని తేమను ఆ పోగులు పీల్చుకుని మెత్తబడి సాగుతాయి, బిగువు తగ్గుతుంది. వేడి తగిలితే తేమ పోయి మళ్లీ బిగుస్తాయి. బిగువు పెరిగినకొద్దీ తోలు వేగంగా కంపిస్తుంది, ధ్వని పైకి పోతుంది. లెక్క కూడా ఉన్నది: బిగువు నాలుగింతలైతే కంపనాలు రెండింతలవుతాయి, అంటే ధ్వని ఒక స్థాయి పైకి లేస్తుంది. మంటకు మరీ దగ్గర పెడితే తోలు మాడి పెళుసెక్కి పగులుతుంది. అందుకే ఆ మూరెడు దూరం.

మీకు ఇంకో ప్రయోగం చెబుతాను. పలకను పడుకోబెట్టి దానిమీద సన్నని ఇసుక చల్లి, అంచుకు దగ్గర మెల్లగా పుల్లతో తట్టుతూ ఉండండి. ఇసుక ఎగిరెగిరి కొన్ని గీతల వెంట చేరుతుంది. అవి తోలు కదలని చోట్లు. క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1787లోనే రేకులమీద ఇసుక చల్లి ఇటువంటి బొమ్మలు తెప్పించి చూపాడు. తోలుమీద ఒకే దెబ్బకు ఇట్లాంటి కంపనాలు ఎన్నో కలిసి పుడతాయి. మామూలు తోలులో వాటి లెక్కలు ఒకదానితో ఒకటి పొసగవు, అందుకే పలకలో "స" ఇదీ అని చూపడానికి ఉండదు, మోత ఉంటుంది. మృదంగం కుడివైపున నల్లని మచ్చ చూశారు గదా? నల్లని రాతిపొడిని అన్నంతో మెదిపి, పొరమీద పొరగా రుద్ది ఆ మచ్చ పెడతారు. ఆ బరువు మధ్యలో ఉండడంవల్ల కంపనాలు ఒకటికి రెండు, మూడు, నాలుగింతలుగా సర్దుకుని శ్రుతి పుడుతుంది. ఈ రహస్యాన్ని సి. వి. రామన్ గారు శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో "నేచర్" పత్రికలో రాశారు, 1934లో ఇంకా విపులంగా రాశారు. మధ్యలో, 1930లో, వెలుతురు మీద చేసిన పనికి ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మద్దెలమీద చేసిన పని కూడా తక్కువది కాదని నా అభిప్రాయం. అయితే ఆ మచ్చ పెట్టిన చేతులకు ఈ సంగతి చెవితోనే తెలుసు, రామన్ గారు పుట్టకముందే తెలుసు.

వార్షికోత్సవం రోజున తాతను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. ఆయన కాసేపు కూర్చుని, కుర్చీ మెత్తగా లేదని లేచి, పిల్లల వెనక నిలబడి, వాళ్లు తాళం తప్పినప్పుడల్లా "ఊఁ" అంటూ వచ్చారు. చాలాసార్లు అన్నారు. గేటు దగ్గర నిలబడి అడిగిన ఆ తల్లి కూడా వచ్చింది. ఈసారి లోపలికే వచ్చి, బల్లమీద కూర్చుంది.

ఇప్పుడు ఆ పలక మా బడిలో మేకుకు వేలాడుతున్నది. మీరు అంగళ్లు వైపు వస్తే చూపిస్తాము. వానరోజుల్లో పొద్దున్నే వచ్చిన పిల్లలు దానిమీద వేలితో మీటి, "ఈవేళ తేమ ఎక్కువ, సార్" అంటారు. అట్లాంటి రోజున దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోయి కాచే వంతు నాలుగో తరగతివాళ్లది.